పూటకూటి యిల్లు - దానిని నడిపినవారు

 

ప్రొద్దు గ్రుంకినవేళ పరాయి యూరి పొలిమేరకు వచ్చిన తెరువరికి మూఁడు చింతలు గలుగును. త్రాగుటకు నీరెక్కడ? తల వాల్చుటకు నీడ యెక్కడ? ఆఁకలి తీఱుటకు అన్నమెక్కడ? నీటికి చెఱువో, నుయ్యియో, చలివేంద్రమో కనఁబడును. నీడకు రావిచెట్టు క్రింది రచ్చబండయో, గుడి మండపమో, ఊరిచావడియో దొరకును. మూఁడవ చింతయే కఠినమైనది. అన్నము చెట్టునఁ గాయదు. ఒకరు ప్రొయ్యి రాఁజవేసి, యెసరు పెట్టి, ప్రక్కనే కనిపెట్టుకొని వండవలెను. ఆ వండిన చేతుల చరిత్రమును గూర్చి నేఁడు నాలుగు మాటలు చెప్పఁదలఁచితిని.

మొదట పేరుల సంగతి విచారింతము. సత్రమను మాట సంస్కృతమందలి సత్త్రము. పలువురు ఋత్విక్కులు కలిసి పెక్కు దినములు చేయు యాగమునకు ఆ పేరు. పిదప వచ్చిపోవువారికి అన్నము పెట్టు శాలకును అదియే పేరయ్యెను. అన్నము పెట్టుట యాగమువంటిదని మన పెద్దలు తలఁచినట్లు ఆ మాటయే చెప్పుచున్నది. చావడి యన్నది దిగుటకును, కూడి మాటలాడుటకును ఏర్పడిన తెఱపి శాల. ఆ మాటనే దొరలు తమ నోటఁ దిప్పుకొని చౌల్ట్రీ యనిరి. ఇఁక పూటకూడు అచ్చమైన తెలుఁగు. కూడనఁగా అన్నము. దానికి బహువచనము కూళ్ళు, ఔపవిభక్తికరూపము కూటి. కావున పూటకూళ్ళ యిల్లన్నను, పూటకూటి యిల్లన్నను అర్థమొక్కటియే. ఏ పూటకు ఆ పూట వెల యిచ్చి భుజించు చోటని భావము.

సత్రమున వెల లేదు. పూటకూటి యింట వెల గలదు. భేదమింతియే. కాని యీ చిన్న భేదమునుబట్టి మన చరిత్రము రెండు త్రోవలఁ బోయినది. సత్రము కట్టించిన దాత పేరు ఱాతిమీఁద నిలిచినది. వెల పుచ్చుకొని వండిపెట్టినవారి పేరు గాలిలోఁ గలిసిపోయినది. అంతటితోఁ బోక, కొంతకాలమునకు ఆ వృత్తిపేరే యొక ఎగతాళిమాటగా మాఱినది. ఇది న్యాయమైన తీర్పేనా యని మనము విచారింపవలసియున్నది.

మన దేశమున అన్నసత్రముల ప్రాచీనతకు గొప్ప సాక్ష్యము గుంటూరు మండలమందలి మల్కాపుర శాసనము. అది కాకతి రుద్రమదేవి కాలమున, క్రీస్తుశకము 1261లో పుట్టినది. కృష్ణకు దక్షిణపుటొడ్డున నున్న మందడము గ్రామము గోళకీమఠమునకుఁ జెందిన విశ్వేశ్వర శివాచార్యునకు దానముగా లభించెను. ఆయన ఆ రాఁబడిని తన భోగమునకు ఉంచుకొనలేదు. దేవాలయమునకును, విద్యార్థులకును, ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, అన్నసత్రమునకును భాగములు ఏర్పఱచెను. ఆ సత్రమున బ్రాహ్మణుఁడు మొదలు చండాలుని వఱకు ఎవరు వచ్చినను, ఏ వేళ వచ్చినను అన్నము లేదనరాదని కట్టడి చేసెను. నేఁటికి ఏడున్నఱ శతాబ్దములకుఁ బైఁబడిన మాట యిది. దీనిని చెవినిఁ బెట్టుకొని యుండుఁడు. ముందు దీనితో మనకు పనియున్నది.

వెలకు అన్నము పెట్టు ఇండ్లును ఆ కాలమునకు క్రొత్తవి గావు. కాకతీయుల నాఁటి ఓరుగంటిని కన్నులకుఁ గట్టించు కావ్యము క్రీడాభిరామము. అది వినుకొండ వల్లభరాయని పేర వెలసినది; దానిలో శ్రీనాథుని చేయి గలదని పలువురు పండితుల యభిప్రాయము. గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు అను ఇద్దఱు మిత్రులు ఓరుగంటి వీథులు తిరిగి చూచుటయే అందలి కథ. వారు పూటకూటి యింటి భోజనమును వర్ణించుచోట, లక్ష్మణవజ్ఝల యను గృహస్థు నింట ఒక్క రూకకు ఏమేమి వడ్డింతురో పట్టిక వేసినట్లున్నది. మేలైన సన్నబియ్యపు వంటకము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడే కాఁచిన ఆవునేయి, పెసరపప్పు, అరఁటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, మీఁగడ విడువని పెరుఁగు. ఒక రూకకు ఇన్ని పదార్థములు!

ఇందు మనము గమనింపవలసినది రుచియొక్కటే కాదు. ఆ కవి యజమాని పేరు చెప్పినాఁడు, వెల చెప్పినాఁడు, వడ్డన చెప్పినాఁడు. అందు వెక్కిరింత లేదు. వెలకు అన్నము పెట్టుట ఆ నగరమున గౌరవముగల వృత్తియే. ఈ సంగతియును జ్ఞాపకముంచుకొనుఁడు.

ఇఁక పల్లెలకు వత్తము. దండుబాటలును, తీర్థయాత్రల త్రోవలును పోవు గ్రామములలో మజిలీలు ఏర్పడెను. ఈ మజిలీల స్థితిని తెలిసికొనుటకు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రమును మించిన గ్రంథము మనకు లేదు. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసి. 1830 మే 18వ తేదీన పెద్ద పరివారముతో బయలుదేఱి, తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీఁదుగాఁ గాశికిఁ బోయి, గయయు కలకత్తాయుఁ జూచి, తూర్పుతీరము వెంబడి తిరిగి 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరెను. త్రోవలో వ్రాసిన జాబులే 1838లో గ్రంథముగా అచ్చయ్యెను. అప్పటికి ఆయన గతించి రెండేండ్లయినది.

ఆ గ్రంథమున మజిలీ వెంట మజిలీగా ఆయన చూచినవి మన మూఁడు చింతలే. ఈ యూర సత్రము గలదా? నుయ్యి మంచిదా? అంగళ్ళలో సరకులు దొరకునా? మునుసబులును, తహసీలుదారులును ఎంత గొప్పవారైనను, ముసాఫరునకుఁ గావలసినవి ఈ మూఁడే గదా! దేవాలయశిల్పమును మెచ్చుకొనిన యా కలమే మంచినీటి నూతిని మెచ్చుకొనినది. తన వెనుక వచ్చు బాటసారులకు ఉపయోగింపవలెనను తలంపు పుటపుటను గనఁబడును.

సత్రమెట్లు నడచెను? రాజుగాని, జమీందారుగాని, వర్తకుఁడుగాని ఇల్లు కట్టించి, దానిక్రింద కొంత మాన్యము వ్రాసి, నడుపుటకు ఒక కుటుంబమును నియమించును. ఆ భూమిపంట వంటయింటికి రావలెను. మూఁడు దినములకు మించి ఒక్కఁడే యుండరాదను నియమము పెక్కుచోట్ల నుండెను. దాతయు, నడుపువాఁడును మంచివారైనంతకాలము ఏర్పాటు చక్కఁగా సాఁగును. తరములు మాఱఁగా మాన్యము నిలుచును, పొయ్యి చల్లారును. ఇట్టి వ్యవహారములు పెక్కు పుట్టుటచేతనే కుంపిణీవారు 1817లో ఏడవ రెగ్యులేషను చేసి, దేవాలయములతోపాటు సత్రములను, చావళ్ళను, వంతెనలను కనిపెట్టు భారమును రెవిన్యూబోర్డుపై నుంచిరి. ధర్మము ఱాతిమీఁదఁ జెక్కినంతమాత్రమున నిలువదనుటకు ఈ చట్టమే సాక్షి.

పూటకూటి యిల్లు అట్లు గాదు. దానికి మాన్యము లేదు, శాసనము లేదు. నేఁడు అన్నము బాగుండినఁ గదా రేపు మనిషి వచ్చుట! దాని పునాది నడుపువారి రెక్కలకష్టమే.

ఈ యిల్లెట్లు నడచునో మా నాయనమ్మగారి నోట వినియుంటిని. మా ముత్తాతగారి చెల్లెలొకామె చిన్ననాఁడే భర్తను గోలుపోయి, అత్తవారింట నిలువలేక, పుట్టినింట భారము గాఁజాలక, గోదావరి కాలువ లాకులయొద్ద రెండు గదుల యింట పూటకూళ్ళు నడిపెను. కోడలుగా వచ్చిన క్రొత్తలో మా నాయనమ్మ కొన్నాళ్ళు ఆమెకు తోడుగా నుండెను. నాలుగవజామునకే ఆమె లేచి, స్నానము చేసి, మడికట్టుకొని ప్రొయ్యి ముట్టించునఁట. పడవ లాకులు దాఁటుటకు వేచియుండు లోపల అన్నము వార్చి యుండవలెను; ఆలసించినచో పడవ పోవును, బేరమును బోవును. కచేరీపనికిఁ బోవు వ్యాజ్యదారులు, పరీక్షలకుఁ బోవు పిల్లలు, పెండ్లిసంబంధములకుఁ దిరుగు పెద్దలు, తీర్థవాసులు, అందఱకును ఒకటే పంక్తి, ఒకటే పప్పు, ఒకటే పులుసు. బియ్యము తెచ్చుకొనినవారికి వండిపెట్టినందుకు వేఱొక చిన్న వెల. నెలవాడుకవారి పూటలను గోడమీఁద బొగ్గుగీఁతలతో గుఱుతు పెట్టుకొనెడిది. ఆమెకు అక్షరములు రావు. కాని లెక్క తప్పినదని ఒకరును అనినట్లు లేదు.

డబ్బు లేదని చెప్పిన కుఱ్ఱవానికి ఆమె ముందు విస్తరి వేసి, పిదప ఊరు పేరు అడిగెడిదఁట. "కడుపు నిండినవాఁడు అబద్ధమాడఁడు" అనుట ఆమె సిద్ధాంతము. బాకీ యెగవేసినవారును గలరు. ఏండ్లు గడచినపిదప వెదకికొని వచ్చి తీర్చినవారును గలరు.

ఇట్టి యిండ్లను నడిపినవారిలో వితంతువులు పెక్కండ్రుగా నుండుటకుఁ గారణము స్పష్టము. నాఁటి ధర్మశాస్త్రవ్యవహారమున ఉమ్మడికుటుంబమందు భర్త పోయిన స్త్రీకి మనోవర్తియే కాని వాటా లేదు. 1856లో వితంతువివాహచట్టము వచ్చినను, ఊరివారు ఒప్పుకొనలేదు. భర్త యాస్తిలో వితంతువునకు భాగము చట్టముచేత దొరకినది 1937లో; సంపూర్ణస్వామ్యము దొరకినది 1956లో. అంతవఱకు చదువు లేని, సొమ్ము లేని, తోడు లేని స్త్రీకి తెలిసిన విద్య వంటయొక్కటే. ఒకరి వాకిటఁ జేయి చాఁపక, ఆ విద్యతో తన కూడు తాను సంపాదించుకొనుటకు ఆమెకు మిగిలిన గౌరవమైన త్రోవ పూటకూటి యిల్లు.

లోకము దానికేమి బహుమాన మిచ్చెను? పరపురుషులకు వడ్డించును గనుక ఆమె నడవడి పలువురి నోళ్ళఁ బడెను. అన్నము తిన్నవారే అరుఁగుమీఁద కూర్చుండి ఆమెను గూర్చి గుసగుసలాడిరి. ఈ స్థితిని కన్యాశుల్కమున గురజాడ అప్పారావుగారు చిత్రించిరి. అది 1892లో ప్రదర్శింపఁబడి, 1897లో అచ్చయి, 1909లో పెంపొందిన రూపమును దాల్చినది. అందు గిరీశము సంతలో సామాను కొనిపెట్టెదనని పూటకూళ్ళమ్మయొద్ద ఇరువది రూపాయలు పుచ్చుకొని మధురవాణికై ఖర్చుపెట్టును. ఆమె చీపురు పట్టుకొని వచ్చినప్పుడు మనమందఱము నవ్వుదుము. ఆ నవ్వులో నొక సంగతి మఱతుము: మోసపోయినది ఆమె, పోయిన సొమ్ము ఆమె ప్రొయ్యిముందు చెమటోడ్చి కూడఁబెట్టినది. పైఁగా నాటకమంతటను ఆమెకు పేరు లేదు; వృత్తియే పేరు. ఓరుగంటి వజ్ఝలవారికి కావ్యమున పేరున్నది గదా! విజయనగరపు పూటకూళ్ళమ్మకు అది యేల పోయినది? కవి తప్పు గాదు. ఆయన లోకము పిలిచినట్లే పిలిచెను.

వెల పుచ్చుకొనక పెట్టిన స్త్రీ కథ దీనిప్రక్క నుంచి చూడవలెను. డొక్కా సీతమ్మగారి పేరు ఎఱుఁగని తెలుఁగువారు అరుదు. ఆమె 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమున డొక్కా జోగన్నగారి యిల్లాలయ్యెను. ఆ యూరు గోదావరిపాయ యగు వైనతేయ తీరమున, కోనసీమ రాకపోకలకు త్రోవలో నున్నది. రేవు దాఁటువారు పడవకై వేచియుండుటయు, వరదవేళ చిక్కుకొనుటయు పరిపాటి. ఆ దంపతులు వచ్చినవారికెల్ల అన్నము పెట్టిరి. వేళ గాని వేళ తలుపు తట్టినను ఆమె లేచి ప్రొయ్యి రాఁజవేయుననుట ప్రసిద్ధము. ఒకమాఱు ఆమె అంతర్వేది స్వామిని దర్శింప బయలుదేఱి, త్రోవలో ఒక పెండ్లివారి పిల్లలు ఆఁకలిగొని "సీతమ్మగారి యింటికిఁ జేరినచో అన్నము దొరకు"నని పెద్దలు ఓదార్చుట విని, దర్శనము మాని వెనుకకుఁ దిరిగి, వారికంటె ముందు ఇల్లు చేరినదని చెప్పుకొందురు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు 1903లో ఆమెకు ఆహ్వానము రాఁగా, వచ్చినవారికి ఎవరు వండిపెట్టుదురని పోలేదనియు వాడుక. 1909లో ఆమె దివంగతురాలయ్యెను. గన్నవరమున కాలువను ఏఱు దాఁటించు క్రొత్త వంతెనకు ఆమె పేరే. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకును ఆమె పేరు పెట్టినది. అర్హమైన గౌరవము.

కాని నా విన్నపము వినుఁడు. సీతమ్మగారికి పెట్టుటకు పొలమున్నది, ఆదరించు భర్త యున్నాఁడు. లాకులయొద్ద వితంతువునకు ఆ రెండును లేవు. ఆమె వెల పుచ్చుకొనకున్నచో మఱునాఁడు ప్రొయ్యిలో నిప్పుండదు. దానము గొప్పది, సందేహము లేదు. అయినను రాత్రివేళ వచ్చిన పరాయివానికి వేఁడియన్నము పెట్టిన పని ఇద్దఱిదియు నొకటే. ఒకరికి మ్రొక్కిన చేతితో మఱియొకరిని వ్రేలెత్తి చూపుట నాకు తగినట్లు తోఁపదు.

ఇంకొక తప్పును దాఁచరాదు. అది నడిపిన స్త్రీలదే గాదు, మనందఱిది. మల్కాపురమున బ్రాహ్మణుఁడు మొదలు చండాలుని వఱకు అన్నము పెట్టవలెనని 1261లో వ్రాసిన జాతి, ఆ తరువాత సత్రములకు కులముల పేరులు పెట్టినది. కొన్ని కులములవారిని గడప యెక్కనీయలేదు. ఎండలో వచ్చిన కూలివాఁడు సత్రపు నీడను దూరమునుండి చూచి పోవలసివచ్చెను. పూటకూటి పంక్తి యొకటే యని నేను చెప్పిన మాటకును ఈ మేరయే యున్నది: ఆ పంక్తిలోనికి రానిచ్చినవారికే అది యొకటి. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించి, భోజనశాలలలోనికిఁ బోవుటకు ఎల్లరకు హక్కు కల్పించెను. 1955 నాఁటి చట్టము ధర్మశాలను, సరాయిని, ముసాఫరుఖానాను పేరుపెట్టి చెప్పి, ఎవరిని అడ్డగించినను శిక్ష విధించెను. శాసనము చెప్పిన ధర్మమునకు మనము చట్టముద్వారా తిరిగి రావలసివచ్చెను.

పూటకూటి యిండ్లు క్షీణించుటకుఁ గారణము రాకపోకల మార్పు. 1893లో బెజవాడయొద్ద కృష్ణపైనను, 1900లో రాజమహేంద్రవరమునొద్ద గోదావరిపైనను రైలువంతెనలు తెఱవఁబడెను. నాలుగు మజిలీల ప్రయాణము ఒక పూట ప్రయాణమయ్యెను. పిదప మోటారుబండ్లు వచ్చెను, పడవలు తగ్గెను, లాకులయొద్ద ఆఁగువారు లేకపోయిరి. రైలుస్టేషనునొద్ద కాఫీహోటళ్ళు వెలసెను. వెలకు అన్నము పెట్టుట అందుతో మరల గౌరవవృత్తి యయ్యెను. చూడుఁడు, వింత! అదే పని హోటలు యజమాని చేసినప్పుడు వ్యాపార మన్నాము; వితంతువు చేసినప్పుడు పూటకూళ్ళని మొగము త్రిప్పుకొన్నాము.

మా యింటి మాట చెప్పి ముగింతును. ఆ లాకులయొద్ద ముసలమ్మ సొమ్ముతోనే మా తాతగారు హైస్కూలు చదువు పూర్తిచేసి ఉపాధ్యాయుఁడయ్యెను. ఆయన నీడలో నా తండ్రియు, నేనును బడిపంతుళ్ళమైతిమి. అయినను మా వంశవృక్షమున ఆమె పేరు లేదు. పెద్దలు ఆమెను గూర్చి మెల్లఁగా మాటలాడి, పిల్లలు రాఁగానే మానెడివారు. నాయనమ్మ తన యంత్యకాలమున ఆమె పేరు నా చెవిలోఁ జెప్పి, "ఆ యన్నము తిన్నవారమురా మనము" అనెను. ఉద్యోగవిరామము తరువాత నేను చేసిన మొదటి పని, మా వంశపట్టికలో ఆమె పేరు వ్రాయుట. ఆ యొక్క పంక్తి వ్రాయుటకు మాకు మూఁడు తరములు పట్టినది.

మీ యూరనును ఒక సత్రమో, దాని మొండిగోడలో యుండవచ్చును. ఱాతిమీఁద దాత పేరు చదువుఁడు. ఆ మాన్య మేమైనదో విచారింపుఁడు. అంతతో నాఁగక, బాటప్రక్కను, రేవునొద్దను, లాకులయొద్దను పూటకూళ్ళు నడిపిన తల్లి ఎవరో మీ యింటి వృద్ధురాండ్రను అడుగుఁడు. ఆమె పేరు, ఊరు, వండిన యిల్లున్న చోటు ఒక కాగితముమీఁద వ్రాసి యుంచుఁడు. చెప్పఁగలవారు నానాఁటికిఁ దగ్గుచున్నారు. పేరు తెలిసినవారు తెలిసినప్పుడే వ్రాయవలెను.